మడ అడవిలో పూడిక తీసే వాలంటీరింగ్‌కి మూడుసార్లు వెళ్ళొచ్చా, నా రివ్యూ

బెజవాడ నుంచి ఆదివారాలు మడ అడవుల్లో వాలంటీరింగ్‌కి తీసుకెళ్తున్నారు కదా, దాని గురించి మా ఆఫీసులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో చాలామంది అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పేకంటే ఇక్కడే మొత్తం రాసేస్తున్నా. నేను మూడుసార్లు వెళ్ళా. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి, మొన్న జనవరిలో ఒకసారి. నడిపేవాళ్ళ పేరు మాత్రం రాయట్లేదు, నచ్చని విషయాలు కూడా రాస్తున్నా కాబట్టి, అవన్నీ వాళ్ళకి ఎదురుగానే చెప్పేశా, కొన్ని సరిచేసుకున్నారు కూడా. మీరు ఎవరితో వెళ్ళినా ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది. రేటింగ్ అడిగితే 5కి 4 ఇస్తా. ఆ పోయిన ఒకటి ఎందుకు పోయిందో కింద చెప్తా.

పొద్దున్నే ఐదింటికి బెంజి సర్కిల్ దగ్గర టెంపో ట్రావెలర్ ఎక్కించారు, మొత్తం పద్నాలుగు మందిమి. కరకట్ట రోడ్డు మీదుగా అవనిగడ్డ, అక్కడ ఇడ్లీ తిని నాగాయలంక, అది దాటాక కొంత దూరం రోడ్డు, ఆ తర్వాత పడవ. మనిషికి 700 తీసుకున్నారు, అందులో బండి, రెండు పూటల తిండి, పడవ, పనిముట్లు అన్నీ వచ్చేస్తాయి. నాకు ఆ డబ్బు ఎక్కువనిపించలేదు, పైగా అందులో కొంత అక్కడ మాతో పాటు పనిచేసే ఊరివాళ్ళకి కూలి కింద ఇస్తున్నారు, ఎంత ఇస్తున్నారో అడిగితే దాచకుండా చెప్పారు. ఇది చాలా ముఖ్యం అండీ, మనం సరదాగా ఫ్రీగా తవ్వేసి వాళ్ళ కూలి పోగొట్టకూడదు కదా.

అసలు ఏం పని అంటే, మడ అడవిలో కాలవల పూడిక తీయడం. మొక్కలు నాటడం అనుకుని వెళ్ళా నేను, మొదటిరోజు ఒక్క మొక్క కూడా నాటలేదు, చేతికి పార ఇచ్చారు. ఎందుకో అక్కడికి వెళ్ళాక అర్థమైంది. మేము దిగిన చోట ఒక పక్క దట్టంగా మడ, ఇంకో పక్క మోకాలెత్తు మొక్క కూడా లేని బోడి నేల, దాన్ని అక్కడివాళ్ళు పర్ర అంటారు. ఏప్రిల్ ఎండకి ఆ నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది, నడుస్తుంటే చెప్పుల కింద కరకర మంటోంది. ఎప్పుడో కట్టెల కోసం అక్కడి చెట్లు కొట్టేశారట, చెట్లు పోయాక నేల పల్లంగా అయిపోయి, పెద్ద పోటుకి లోపలికొచ్చిన సముద్రపు నీళ్ళు మళ్ళీ బయటికి పోయే దారిలేక అక్కడే నిలబడిపోతాయి, ఎండకి ఆవిరైపోతాయి, ఉప్పు మిగుల్తుంది. ఇట్లా ఏళ్ళ తరబడి జరిగితే ఆ నేల సముద్రం కంటే ఉప్పగా అయిపోతుంది, అప్పుడు ఉప్పు నీళ్ళలో పెరిగే మడ కూడా అక్కడ బతకదు, ఉప్పు నేలలో పెరిగే ఇలకూర అనే ఆకుకూర లాంటివి తప్ప ఇంకేమీ మొలవవు. దీనికి తోడు పైన కృష్ణ మీద డ్యాములు కట్టాక ప్రకాశం బ్యారేజీ దాటి కిందకి వచ్చే మంచినీళ్ళు తగ్గిపోయాయి. 2024 సెప్టెంబర్‌లో 11 లక్షల క్యూసెక్కుల పైన వదిలితే మనందరం భయపడిపోయి చూశాం కదా ఆ గేట్ల వైపు, కానీ మామూలు ఏడాది ఎండాకాలంలో ఆ గేట్ల కింద ఇసుక తిన్నెలే కనపడతాయి. నది చివర్న ఉన్న మడకి ఆ మంచినీళ్ళు అవసరం అని నాకు ఇన్నేళ్ళు ఇక్కడ ఉండి కూడా తెలీదు.

దీనికి మందు ఏంటంటే చేప ముల్లు కాలవలు. మధ్యలో ఒక తల్లి కాలవ, అది సముద్రపు పాయకి కలుస్తుంది. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు, పైనుంచి చూస్తే అచ్చం చేప ముల్లులాగే ఉంటుంది. పోటు వచ్చినప్పుడు నీళ్ళు అన్ని మూలలకీ వెళ్తాయి, పాటు తీసినప్పుడు, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, మొత్తం బయటికి వచ్చేస్తాయి, వచ్చేటప్పుడు ఉప్పుని కడిగి తీసుకొచ్చేస్తాయి. రోజుకి రెండుసార్లు ఇట్లా జరుగుతూ ఉంటే కొన్నాళ్ళకి నేల మళ్ళీ మడ మొలిచేటట్టు అవుతుంది. ఈ పద్ధతి మన కృష్ణా, గోదావరి మడల్లో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, ఫారెస్ట్ వాళ్ళు, ఊరివాళ్ళతో కలిసి ఎప్పటి నుంచో చేస్తున్నదే, కొత్తదేం కాదు. కాకపోతే కాలవ తవ్వడంతో పని అయిపోదు, ప్రతి పోటుకీ ఒండ్రు వచ్చి పడుతుంది, రెండు మూడేళ్ళలో పిల్ల కాలవలు పూడిపోతాయి, నీళ్ళు ఆగిపోతాయి, మళ్ళీ కథ మొదటికొస్తుంది. అందుకే పూడిక తీసేవాళ్ళు కావాలి, ఏటా కావాలి. ఆ పని ఫొటోలో అందంగా ఉండదు, బురద తట్టలోకి ఎత్తడం, గట్టు మీద పోయడం అంతే.

ఇక మొదటి ట్రిప్పులో జరిగిన పెద్ద పొరపాటు చెప్పాలి. మేము వెళ్ళింది పౌర్ణమి మర్నాడు. తొమ్మిదింటికి పడవ దిగేసరికి కాలవలన్నీ నిండా నీళ్ళు, గట్లు కూడా మునిగి ఉన్నాయి, ఎక్కడ తవ్వుతాం. నిర్వాహకుల్లో ఎవరికీ పోటు పాటు టైము చూసుకోవాలన్న ధ్యాసే లేదు. అక్కడ మాకు పని చూపించే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అరవై దాటి ఉంటాయి, చిన్నప్పటి నుంచి ఆ మడలోనే పీతలు పట్టుకుని బతికిన మనిషి, అందరం బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని "పున్నమి ఎళ్ళిన మర్నాడు ఈ టయానికి నీళ్ళు ఎక్కే ఉంటయ్ కదమ్మా, ఒక్క ఫోను కొడితే నేను చెప్పేవాణ్ణిగా" అన్నాడు. పదకొండున్నర దాకా గట్టు మీద కూర్చున్నాం, ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం ఎండలో పార పట్టుకున్నాం, ఇద్దరికి కళ్ళు తిరిగాయి. ఊరివాళ్ళని అడక్కుండా సిటీలో కూర్చుని తేదీ పెట్టేయడం తప్పు, నేను ఆ రోజే గట్టిగా చెప్పా. అక్టోబర్ నుంచి మారింది, ఇప్పుడు తేదీ బాబాయ్‌నే అడిగి పెడుతున్నారు. అష్టమి, నవమి రోజుల్లో పోటు బలం తక్కువగా ఉంటుంది, కాలవలో దిగి పని చేసుకోవడానికి అవే మంచి రోజులట. పోటు రోజూ ముందురోజు కంటే ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, ఆయన దగ్గర వాచీ లేదు, తిథి చెప్తే చాలు వేళ్ళ మీద లెక్కేసి ఎన్నింటికి నీళ్ళు తీస్తాయో చెప్పేస్తాడు. మీరు ఎక్కడ బుక్ చేసుకున్నా ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి, ఆ రోజు పాటు ఎన్నింటికి అని. వాళ్ళు తడబడితే వెళ్ళొద్దు.

కానీ ఆ కూర్చున్న రెండున్నర గంటల్లోనే బాబాయ్ మాకు మడ చూపించాడు, అది మాత్రం ఎప్పటికీ మర్చిపోను. తెల్లమడ ఆకు ఒకటి తెంపి నాలిక మీద పెట్టుకోమన్నాడు, పెట్టుకుంటే నిజంగా ఉప్పు. అది ఆకు లోపలి రసం కాదు, ఆకు పైన సన్నగా పొడిలాగా ఉన్న ఉప్పు, వేరు పీల్చిన నీళ్ళలో ఎక్కువైన ఉప్పుని చెట్టు ఆకుల మీద నుంచి ఇలా బయటికి నెట్టేస్తుందట. చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వందల కొద్దీ నిలబడి ఉంటాయి, అవి గాలి పీల్చుకునే వేర్లు, బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వేర్లని పైకి పంపిస్తుంది. వాటిని తొక్కితే చెట్టుకి ఊపిరి తీసేసినట్టే. ఇంకో చెట్టు చూపించి దీని దగ్గర మాత్రం చేతులు పెట్టొద్దు అన్నాడు, తిల్ల. దాని కొమ్మ విరిస్తే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఇది మాకు బండిలో ఎవరూ చెప్పలేదు, ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో కళ్ళు కడుక్కోవడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు, తాగే నీళ్ళే దిక్కు. జనవరికి కళ్ళద్దాలు, విడిగా ఒక క్యాను మంచినీళ్ళు పెట్టారు, మంచిది, కానీ మొదటి రోజు నుంచే ఉండాల్సింది.

ఆ మొదటి రోజే సాయంత్రం పాటు తీశాక కాలవ అంచున బురదలో ఒక జంతువు అడుగు ముద్ర కనపడింది. నా అరచేతిలో సగం కూడా లేదు, గుండ్రంగా, నాలుగు వేళ్ళు, వేళ్ళ ముందు సన్నగా గోళ్ళ గీతలు. మామూలు పిల్లి నడిస్తే గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి గీతలు పడవు, దీనికి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, పైగా వేళ్ళ మధ్య కొంచెం చర్మం ఉంటుంది, నీళ్ళలో చేపలు పట్టుకోవాలి కదా. బావురు పిల్లి. వన్యప్రాణుల రక్షణ చట్టంలో పులి ఏ జాబితాలో ఉందో ఈ పిల్లీ అందులోనే ఉంది, రెండూ షెడ్యూల్ ఒకటిలోనే ఉన్నాయి, కానీ మనలో ఎంతమందికి ఇది కృష్ణా జిల్లాలో ఉందని తెలుసు చెప్పండి. ఆ అడుగు పక్కనే కొద్ది దూరంలో ఎండిపోయిన పెంట, అందులో చేప పొలుసులు, పీత డిప్ప ముక్కలు. మేము పద్నాలుగు మందిమి ఒక్క మాట మాట్లాడకుండా అలా వంగి చూస్తూ ఉండిపోయాం. పిల్ల కాలవలో నీళ్ళు ఆడితేనే చిన్న చేప వస్తుంది, చేప వస్తేనే ఆ పిల్లి వస్తుంది, నేను తట్టలోకి ఎత్తిన బురదకీ ఆ అడుక్కీ సంబంధం ఉంది అని నాకు అప్పుడే తట్టింది.

ఈ మడ అడవి ఉన్న కృష్ణా అభయారణ్యాన్ని 1989లో ప్రకటించారు, సుమారు 195 చదరపు కిలోమీటర్లు, లోపలికి వెళ్ళాలంటే ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ తప్పనిసరి. మమ్మల్ని తీసుకెళ్ళినవాళ్ళ దగ్గర పర్మిషన్ కాగితం ఉంది, పడవ ఎక్కే ముందు మాకు చూపించారు, అందుకు మార్కులు వేస్తా. కాగితం చూపించని వాళ్ళతో వెళ్ళకండి, చూడటానికే అయినా సరే.

అక్టోబర్ ట్రిప్పు విత్తనాలది. తెల్లమడ కాయ చెట్టు మీద ఉండగానే లోపల మొలకెత్తేస్తుంది, రాలి నీళ్ళలో పడ్డాక పైతొక్క ఊడిపోయి తేలుకుంటూ వెళ్ళి ఎక్కడో బురదలో నాటుకుంటుంది. ఉప్పుపొన్న అయితే ఇంకా చిత్రం, చెట్టుకి మునక్కాయలు వేలాడినట్టు పొడుగ్గా మొలకలు వేలాడుతుంటాయి. తెల్లమడ కాయలు ఏరి రాత్రంతా నీళ్ళలో వేసి తొక్క ఊడదీసి ఉంచారు ఊరి ఆడవాళ్ళు, మేము వాటిని కాలవ పక్క వాలులో, అడుగునా కాదు గట్టు పైనా కాదు, సరిగ్గా మధ్యలో గుచ్చుకుంటూ వెళ్ళాం. అడుగున పెడితే ఎప్పుడూ నీళ్ళలో మునిగి కుళ్ళిపోతుంది, పైన పెడితే నీళ్ళు అందక ఎండిపోతుంది. చెయ్యి పట్టుకుని చూపించింది ఒక పిన్ని, "ఇక్కడ తడి మెరుస్తంది చూడు, ఇంతవరకే పెట్టు" అని, ఆ మెరిసే గీత చూడటం వస్తే పని వచ్చినట్టే.

అదే రోజు ఏదో కంపెనీ నుంచి ఒక బ్యాచ్ కూడా వచ్చింది. ఇది నాకు చాలా బాధ అనిపించిన విషయం. నలభై మంది పైన ఉంటారు, ఒకే రంగు టీషర్టులు, బ్యానరు పట్టుకుని ఫొటోలు, ఫొటో కోసం మొక్క బాగా కనపడాలని గట్టు పైన గుచ్చారు, గాలి వేర్ల మీద నుంచే అటూ ఇటూ తిరిగారు, గంటలో వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక అక్కడ ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఏరింది మేమే. నిర్వాహకులకి అలాంటి బ్యాచ్‌ల వల్ల డబ్బు వస్తుంది, ఆ డబ్బుతోనే మిగతా పని నడుస్తుంది అన్నారు, ఒప్పుకుంటా, కానీ ఒక్కసారికి ఇరవై మందికి మించి అడుగు పెట్టనివ్వకూడదు, వచ్చినవాళ్ళకి కనీసం అరగంట చెప్పి దింపాలి. రేటింగ్‌లో ఒకటి తగ్గించింది ముఖ్యంగా దీనికే.

ఇంకో కారణం బాత్రూములు. సైటు దగ్గర ఆడవాళ్ళకి ఏమీ లేదు, పొద్దున నాగాయలంకలో వెళ్తే మళ్ళీ సాయంత్రమే, దాంతో మా వాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు, ఆ ఎండలో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. జనవరిలో ఊళ్ళో ఒకళ్ళ ఇంట్లో ఏర్పాటు చేశారు, ఆ ఇంటావిడ ఎంతో మర్యాదగా చూసుకుంది, కానీ పడవలో పావుగంట. గుడ్డతో కట్టిన చిన్న టెంట్ పెట్టినా సరిపోతుంది, ఇదేమంత ఖర్చు కాదు.

చెప్పులూ బూట్ల సంగతి చాలామంది అడిగారు. వన్‌టౌన్‌లో మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు గమ్ బూట్లు కొనుక్కెళ్ళా మొదటిసారి, కొనకండి. పిక్కల దాకా బురదలో దిగబడ్డాక కాలు పైకి తీస్తే కాలు వస్తుంది బూటు రాదు, లోపలికి నీళ్ళు పోతే ఒక్కో కాలు పది కిలోల బరువు. పాత క్యాన్వాస్ బూట్లు, లేసులు గట్టిగా బిగించి, పొడుగు మేజోళ్ళు ప్యాంటు మీదకి లాక్కుంటే చాలు. ఒట్టి కాళ్ళతో మాత్రం దిగొద్దు, గుల్లలు కోసేస్తాయి, గాలి వేర్లు గుచ్చుకుంటాయి. ఊరివాళ్ళు ఒట్టి కాళ్ళతోనే పరిగెడతారు, వాళ్ళని చూసి మనం చేస్తే కుదరదు.

తిండి గురించి రెండు ముక్కలు. బాగుంది, చాలా బాగుంది. ఊరి ఆడవాళ్ళే వండారు, అన్నం, ఇలకూర వేసిన పప్పు, చేపల పులుసు. ఇలకూరలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి పప్పులో ఉప్పు చూసి వేసుకోవాలి అని చెప్పారు. పండుగప్ప గురించి కూడా అప్పుడే తెలిసింది, మనం బెజవాడలో అంత ఇష్టంగా తినే పండుగప్ప పిల్లలు చిన్నప్పుడు పెరిగేది ఇలాంటి మడ కాలవల్లోనే, మండపీత కూడా అంతే. శాకాహారులకి విడిగా చేస్తారు, ముందే చెప్పాలి.

భోజనాల దగ్గర పెద్దవాళ్ళు 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి చెప్పారు. మా నాన్నది అవనిగడ్డ దగ్గరే, ఇంట్లో ఆ తేదీ వింటూ పెరిగా నేను, కానీ ఆ నీళ్ళు వచ్చిన చోటే కూర్చుని వినడం వేరు. మడ అడ్డం ఉన్న వైపు అల బలం తగ్గిందని, బోడిగా ఉన్న వైపు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయని ఒక ముసలావిడ చేత్తో దిక్కులు చూపిస్తూ చెప్పింది. ఆవిడ చెప్తుంటే ఎవ్వరం అన్నం ముట్టుకోలేదు.

జనవరిలో వెళ్ళింది లెక్క కోసం. ఇది అందరికీ బోర్ కొట్టే ట్రిప్పు అని ముందే చెప్పారు, పద్నాలుగు మంది వచ్చిన చోట ఆరుగురమే వెళ్ళాం. నాకు మూడింటిలో ఇదే ఎక్కువ నచ్చింది. కాలవ పొడుగునా కర్రలు పాతి తాడు కట్టి ఒక్కో గడిలో ఎన్ని మొక్కలు బతికున్నాయో, ఎన్ని పోయాయో, ఎన్ని ఆకులున్నాయో నోటు పుస్తకంలో రాయాలి. మేము అక్టోబర్‌లో వాలులో గుచ్చిన గడిలో 60కి 43 ఉన్నాయి, ఒక్కొక్కటి నాలుగు ఆకులు, ఆరు ఆకులు. ఫొటో బ్యాచ్ గట్టు పైన పెట్టిన చోట 50కి 4. ఇంకా సంతోషం ఏంటంటే పూడిక తీసిన కాలవల్లో మేము నాటని చోట కూడా మొక్కలు లేచాయి, పోటు మోసుకొచ్చిన కాయలు వాటంతట అవే నాటుకున్నవి, వాటిని విడిగా లెక్క రాయించారు. పూడిక తీయని కాలవ పక్కన మాత్రం అలాంటివి ఒక్కటీ లేవు, మళ్ళీ అదే తెల్ల ఉప్పు. ఈ లెక్కలు వచ్చినవాళ్ళందరికీ వాట్సాప్‌లో పంపిస్తున్నారు, చచ్చిపోయినవి కూడా దాచకుండా. ఏ సంస్థ అయినా ఎన్ని లక్షలు నాటామో చెప్తుంది, ఎన్ని బతికాయో చెప్పేవాళ్ళు నాకు వీళ్ళే కనపడ్డారు, 4 మార్కులు ఇచ్చింది దీనికే.

ఇంకో మంచి పని ఏంటంటే కొన్ని చోట్ల అసలు నాటనివ్వరు. సముద్రం వైపు ఖాళీగా కనిపించే బురద మైదానం ఉంది, అక్కడ కూడా పెట్టేద్దాం అని మాలో ఒకబ్బాయి అన్నాడు. బాబాయ్ ఒప్పుకోలేదు, చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు అక్కడే పురుగులు ఏరుకు తింటాయి, అది వాటి అన్నం కంచం అన్నాడు. జనవరిలో చూశాం, ఆ మైదానం నిండా పిట్టలు, మేము కొంచెం దగ్గరికి వెళ్ళగానే అన్నీ ఒక్కసారే లేచి, గాల్లో ఒక్కసారే తిరిగి తెల్లగా మెరిసి, మళ్ళీ అవతల వాలాయి.

ఎవరు వెళ్ళొచ్చు అంటే, రోజంతా వంగి పనిచేయగలిగిన ఎవరైనా. ఈత రాకపోయినా పర్లేదు, పడవలో లైఫ్ జాకెట్ ఇస్తారు, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. పదేళ్ళ లోపు పిల్లలని పూడిక ట్రిప్పుకి వద్దు, విత్తనాల ట్రిప్పుకి తీసుకెళ్ళండి. గుంటూరు వాళ్ళు బెంజి సర్కిల్ దాకా రానక్కర్లేదు, రేపల్లె వైపు నుంచి కూడా ఒక బ్యాచ్ మొదలుపెడుతున్నామని చెప్పారు, అది మొదలయ్యాక వెళ్ళినవాళ్ళు ఎలా ఉందో కింద రాయండి. టోపీ, రెండు లీటర్ల నీళ్ళు, మార్చుకోవడానికి ఇంకో జత బట్టలు, బురద బట్టలు వేసుకోవడానికి ఒక గోనె సంచి తెచ్చుకోండి, కవర్లు వద్దు.

మళ్ళీ ఏప్రిల్‌లో వెళ్తున్నా, నవమి రోజున. ఆ ఉప్పు తేలిన కాలవ ఈసారి మా వంతు, తల్లి కాలవ దగ్గర నుంచి మొదలుపెడదాం అని బాబాయ్ ఫోన్‌లో చెప్పాడు, బండిలో ఇంకా ఐదు సీట్లు ఉన్నాయట.